అవ్వ ఆయాసం, డాక్టరు పిల్లల కన్నడం

ఇంతవరకూ మేము ఇక్కడ రాసినవన్నీ పాత సంగతులే. మా పెద్దలు ఎక్కణ్ణుంచి వచ్చారు, ఏ చెరువు కింద మడి చేశారు, ఇంటిదేవర ఎవరు, తాత కాలంలో పెళ్ళి ఎన్ని దినాలు జరిగేది, ఇట్లాంటివి. ఈసారి ఇప్పటి సంగతి రాస్తున్నాం. మూడేళ్ళ పాటు మా ఊరి ఇంటికి వైద్యం చదివే పిల్లలు వచ్చి పోయారు. వాళ్ళు మా దగ్గర ఏం నేర్చుకున్నారో, మాకు ఏం మిగిలిందో చెప్పాలనిపించింది. తెలుగు నేల బయట ఇల్లు కట్టుకున్న మనలాంటి వాళ్ళందరికీ ఇది పనికొస్తుందని మా నమ్మకం.

కొత్తగా చదివేవాళ్ళకు ఒక మాట. మాది చింతామణి తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ. మా తాలూకా 2007లో కోలారు నుంచి వేరై చిక్కబళ్ళాపుర జిల్లాలోకి పోయింది గానీ మా అవ్వకు ఇప్పటికీ జిల్లా అంటే కోలారే. మా తరంవాళ్ళం అందరం కన్నడ మీడియంలోనే చదువుకున్నాం. తెలుగు అక్షరాలు దిద్దుకున్నది బెంగళూరులో ఉద్యోగాలకు చేరినాకే. అంతకు ముందు ఇంటికి ఉత్తరం రాయాలంటే తెలుగు మాటలను కన్నడ అక్షరాల్లో రాసేవాళ్ళం. ఈ విషయం మళ్ళీ కింద వస్తుంది.

దత్తు తీసుకోవడం

2022లో ఒక దినం ఊళ్ళోకి బస్సు వచ్చి ఆగింది. తెల్లకోట్లు వేసుకున్న పిల్లలు దిగారు. ఆశా కార్యకర్త వాళ్ళను ఇంటింటికీ పంచింది. మా ఇంటికి ఇద్దరు వచ్చారు. ఒకమ్మాయి ధార్వాడ వైపు నుంచి, ఒకబ్బాయి రాజస్థాన్ నుంచి. "మీ కుటుంబాన్ని మేము దత్తు తీసుకున్నాం" అని ఆ అమ్మాయి కన్నడంలో చెప్పింది. మా అవ్వకు కన్నడం బాగా అర్థమవుతుంది, మాట్లాడేది మాత్రం తెలుగే. ఆమె నవ్వి, "డెబ్బై ఎనిమిదేళ్ళకు నన్ను దత్తు తీసుకునేవాళ్ళు వచ్చిండారా! ఆస్తి ఏమిస్తారు మా?" అని అడిగింది.

ఆ మాట వాళ్ళ కార్యక్రమం పేరులోనే ఉంది: ఫ్యామిలీ అడాప్షన్ ప్రోగ్రామ్. 2021-22లో ఎం.బి.బి.ఎస్.లో చేరిన పిల్లలతో జాతీయ వైద్య కమిషన్ దీన్ని మొదలుపెట్టింది. ఒక్కొక్క విద్యార్థికీ పల్లెలో కొన్ని కుటుంబాలు అప్పజెబుతారు. 2023 నియమాల ప్రకారం దీనికి మొదటి ఏడు 27 గంటలు, రెండో ఏడు 30 గంటలు, మూడో ఏడు 21 గంటలు, మొత్తం 78 గంటలు కేటాయించారు. రోగి ఆస్పత్రికి వచ్చినప్పుడు చూడటం ఒకటి, అతను ఏం తింటాడు, ఏ నీళ్ళు తాగుతాడు, మాత్రలకు డబ్బులు ఎక్కణ్ణుంచి తెస్తాడు అని ఇంటికి పోయి చూడటం ఇంకొకటి. ఆ రెండోది నేర్పడానికే ఇది.

ఈ ఆలోచన నిన్నా మొన్నా పుట్టింది కాదు. 1946లోనే భోర్ కమిటీ వైద్య విద్యార్థులకు మూడు నెలలు నివారణ వైద్యం, సామాజిక వైద్యం నేర్పాలని చెప్పింది. 1969లో సేవాగ్రామ్‌లో గాంధీగారి వైద్యురాలు సుశీలా నాయర్ మొదలుపెట్టిన వైద్య కళాశాలలో ఒక్కొక్క బ్యాచ్‌కూ ఒక పల్లె ఉంటుంది. పిల్లలు మొదట ఆ పల్లెలోనే 15 దినాలు మకాం వేసి, తర్వాత ఏళ్ళ తరబడి అవే ఇళ్ళకు పోతారు. 1975లో శ్రీవాస్తవ కమిటీ ఇదే మాట గట్టిగా చెప్పింది. ఆ తర్వాత 1977లో వైద్య విద్యను పల్లె వైపు తిప్పడానికి ప్రతి మెడికల్ కాలేజీకీ మూడేసి బ్లాకులు అప్పజెప్పే పథకం వచ్చింది. మా వైపు పెద్ద జబ్బు అంటే అందరూ పోయేది వేలూరు. ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో ప్రారంభించి, 1918లో ఆడవాళ్ళకు వైద్యం నేర్పే బడి పెట్టిన చోటు అది. వేలూరులోనూ, బెంగళూరు సెయింట్ జాన్స్‌లోనూ పిల్లలను చదువు మొదట్లోనే పల్లెలకు పంపే అలవాటు ఉంది.

అంటే మా గడప తొక్కిన ఆ ఇద్దరి వెనకాల డెబ్బై ఏళ్ళ ఆలోచన ఉంది. చేతిలో మాత్రం ఒక ఫారం ఉంది.

ఫారంలో లేని మాట

మొదటి మూడు సార్లూ ఆ ఫారం నింపడంతోనే సరిపోయింది. ఇంట్లో ఎంతమంది, గోడలు ఏవి, పొయ్యి ఏది, మరుగుదొడ్డి ఉందా. అందరికీ బీపీ చూశారు, బరువు చూశారు, రాసుకున్నారు. అవ్వ ప్రతిసారీ మజ్జిగ ఇచ్చేది. మా నాయనకు మాత్రం మనసు ఒప్పలేదు. "మనల్ని చూసి వాళ్ళు నేర్చుకుంటారు, పాసవుతారు. మనకేమొస్తాది?" అనేవాడు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. చూసిన బీపీ ఎంతో, అది మంచిదో చెడ్డదో ఆ మూడు సార్లలో ఎవరూ అవ్వకు చెప్పలేదు.

నాలుగోసారి వచ్చినప్పుడు శనివారం కాబట్టి మేమూ ఊళ్ళోనే ఉన్నాం. అమ్మాయి ఫారం తిప్పుతూ అవ్వను ఎట్లా ఉన్నారని అడిగింది. అవ్వ, "ఏముండాది మా, రెండు మెట్లెక్కితే ఆయాసం వస్తాది, అంతే" అంది. అమ్మాయి తలూపి రాసుకుంది. మేము పక్కనుంచి చూస్తే ఇంగ్లీషులో 'అలసట' అని రాసి ఉంది.

ఆ అమ్మాయిని ఏమనడానికీ లేదు. కన్నడంలో ఆయాస అంటే అలసటే, దణివు. మన తెలుగులో ఆయాసం అంటే ఊపిరి అందకపోవడం, రొప్పడం. ఒకే మాట, ఒకే సంస్కృతపు వేరు, రెండు ఇళ్ళల్లో రెండు అర్థాలు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషికి అలసట వస్తుందంటే ఎవరైనా వయసు అనుకుని పక్కన పెడతారు. రెండు మెట్లకే ఊపిరి అందదంటే గుండె చూడాలి, ఊపిరితిత్తులు చూడాలి, రక్తం ఎంతుందో చూడాలి.

రాజస్థాన్ అబ్బాయికి ఈ చిక్కు రాలేదు. అతనికి తెలుగూ రాదు, కన్నడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాడు. అందుకని ఏ మాట విన్నా చేత్తో చూపించమనేవాడు. అవ్వ చెయ్యి ఎదమీద పెట్టుకుని రొప్పి చూపించింది. అతను వెంటనే వంగి ఆమె పాదాల మీద వేలితో నొక్కాడు. సొట్ట పడింది. కింది కనురెప్ప తీసి చూస్తే లోపల తెల్లగా ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, చావడి దగ్గరున్న మేడమ్‌ను పిలుచుకొచ్చారు.

ఆ వారమే తాలూకా ఆస్పత్రిలో రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.2 వచ్చింది. ఆడవాళ్ళకు 12 కంటే తగ్గితే రక్తహీనత కింద లెక్క. అవ్వకు 7.2తో రోజూ రెండు బిందెలు మోస్తూ ఉంది. రక్తం ఎందుకు తగ్గిందో తేల్చడానికి ఇంకొన్ని పరీక్షలు, ఐరన్ మాత్రలు, తిండిలో మార్పులు, ఇట్లా ఏడాది నడిచింది. ఇప్పుడు 10.8 ఉంది. ఇప్పుడు మెట్లెక్కి మిద్దె మీద వడియాలు పెడుతుంది.

మాకు అప్పుడు అర్థమైంది ఏమంటే, దూరం భాష కంటే దగ్గర భాషతోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. తెలియని మాట అయితే అడుగుతాం. తెలిసినట్టున్న మాటను అడగం. 2019 నుంచి ఎం.బి.బి.ఎస్. మొదట్లో ఫౌండేషన్ కోర్సు పెట్టి అందులో స్థానిక భాష కూడా నేర్పుతున్నారు. మంచిదే. సర్కారు కాలేజీల సీట్లలో 15 శాతం దేశం మొత్తానికి ఇచ్చే లెక్కలో వచ్చే పిల్లలకు అది చాలా అవసరం. కానీ మా తాలూకాలో స్థానిక భాష అంటే కాలేజీకి కన్నడమే. మా అవ్వ నొప్పి తెలుగులో ఉంది.

మూసేదాకా తెరిచే ఉంచాలి

మేము బెంగళూరులో చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మా పనిలో తప్పు కనిపెట్టి రాసిపెడితే సగం పనే అయినట్టు. సరిచేశామని వాళ్ళు చెప్పినాక, మళ్ళీ అదే దారిలో నడిచి చూడాలి. సరైతేనే దాన్ని మూసేస్తాం. లేకపోతే ఎన్నాళ్ళయినా తెరిచే ఉంటుంది, ఎవరి పేరు మీద ఉందో కూడా కనిపిస్తూ ఉంటుంది.

ఆ పిల్లల ఫారంలో లేనిది ఇదే. కనిపెట్టినవి రాయడానికి గళ్ళు ఉన్నాయి. కనిపెట్టినది ఎవరికి చెప్పారు, ఏం జరిగింది, మళ్ళీ ఎప్పుడు చూడాలి అనేవాటికి చోటు లేదు. అందుకే ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టాం. ఎడమ పేజీలో ఆ దినం చూసిన బీపీ, షుగర్, రక్తం. కుడి పేజీలో చెప్పిన మాట, చేయాల్సిన పని, ఎవరు చేయాలి, అయిందా లేదా. పిల్లలు వచ్చినప్పుడు వాళ్ళ ఫారం నింపుకునే ముందు మా పుస్తకం నింపాలి, ఇది మా ఇంటి నియమం అని చెప్పాం. మేడమ్ కోపగించుకుంటుందేమో అనుకున్నాం. ఆమె మిగతా ఇళ్ళల్లో కూడా పెట్టమని పిల్లలకు చెప్పింది.

ఆ పుస్తకం చివరి పేజీల్లో అవ్వ జబ్బుల మాటలు రాశాం. తెలుగు మాటే, కన్నడ అక్షరాల్లో, పక్కన కన్నడం అర్థం. మేము చిన్నప్పుడు ఉత్తరాలు రాసిన పద్ధతే. మా బంధువుల్లో చాలామంది దాన్ని చూసి 'ఇదేం తెలుగు' అని నవ్వేవాళ్ళు. ఆ పుస్తకాన్ని ధార్వాడ అమ్మాయి గడగడా చదివేసింది.

తాగే నీళ్ళు, వండే నీళ్ళు

రెండో ఏడు నీళ్ళ సంగతి వచ్చింది. ఫారంలో 'తాగునీరు ఎక్కడిది' అని ఒక ప్రశ్న ఉంది. మా ఊళ్ళో నాణెం వేస్తే క్యాను నిండే ఫిల్టర్ నీళ్ళ యంత్రం ఉంది. అవ్వ 'ఫిల్టర్ నీళ్ళే' అంది. మొదటి ఏడు అక్కడ టిక్కు పెట్టి ముందుకు పోయారు.

రాజస్థాన్ అబ్బాయిది నాగౌర్ వైపు. అక్కడి భూగర్భ నీళ్ళల్లో ఫ్లోరైడు ఎక్కువ. మా కోలారు, చిక్కబళ్ళాపుర జిల్లాల్లోనూ బోర్లు లోతుకు పోయిన కొద్దీ అదే బాధ. మా పెదనాయన మోకాళ్ళు వంగి నడవడం చూసి, తన తాత కూడా ఇట్లాగే నడిచేవాడని ఆ అబ్బాయి చెప్పాడు. అప్పటికి అతనికి కన్నడం వచ్చేసింది, తెలుగు మాటలు కూడా కొన్ని పట్టుకున్నాడు. నేరుగా వంటింట్లోకి పోయి, "అవ్వా, సంగటికి ఏ నీళ్ళు?" అని అడిగాడు.

సంగటికి బోరు నీళ్ళే. పప్పుకూ, సారుకూ, కాఫీకీ అవే. ఫిల్టర్ నీళ్ళు చెంబులో పోసుకుని తాగడానికి మాత్రమే. మరగబెడితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు. నీళ్ళు ఇగిరితే ఇంకా చిక్కబడుతుంది. మన దేశపు ప్రమాణంలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు సరే, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు. పంచాయతీ నుంచి నీళ్ళ పరీక్ష పెట్టె తెప్పించి చూస్తే మా బోరుది 2 దాటింది.

పెదనాయన మోకాళ్ళు దీనితో తిరిగి రావు. కానీ ఇంట్లో మూడేళ్ళ పాప ఉంది. శాశ్వత పళ్ళు లోపల తయారయ్యేది ఎనిమిదేళ్ళ లోపే, ఆ వయసులో పోయిన ఫ్లోరైడే పళ్ళ మీద మచ్చలై నిలుస్తుంది. ఇప్పుడు వంటకు కూడా ఫిల్టర్ నీళ్ళే వాడుతున్నాం. రోజుకు ఇంకో రెండు క్యాన్లు ఎవరు మోయాలనే తగువు మా ఇంట్లో వారం దినాలు నడిచి, చివరికి మా తమ్ముడి బైకు మీద పడింది. ఇది కూడా పుస్తకంలో కుడి పేజీలో రాసి ఉంది, పని చేయాల్సినవాడి పేరుతో సహా.

మూడేళ్ళు అయిపోయినాక

2025లో ఆ ఇద్దరూ చివరిసారి వచ్చారు. అవ్వ ఆ అమ్మాయికి రవికె గుడ్డ పెట్టింది, అబ్బాయికి చెనిగిత్తనాల ఉండలు కట్టిచ్చింది. ఇద్దరూ కాళ్ళకు దండం పెట్టుకున్నారు. తర్వాత కొత్త బ్యాచ్ వచ్చింది. కొత్త ఫారం, అవే ప్రశ్నలు. ఇంట్లో ఎంతమంది, గోడలు ఏవి, పొయ్యి ఏది. పాత ఫారాలు కాలేజీలో ఎక్కడో ఉన్నాయట. అవ్వకు విసుగొచ్చి, "అన్నీ చెప్పిండాను కదప్పా, ముందు వచ్చిన పాపను అడగండి" అంది. మేము నోటుపుస్తకం చేతికిచ్చాం. కొత్త పిల్లలు అరగంట కూర్చుని మూడేళ్ళదీ చదివారు. ఆ తర్వాత వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, "అవ్వా, ఆయాసం ఎట్లుండాది?"

మా నాయన అడిగిన ప్రశ్నకు ఇప్పుడు మా దగ్గర జవాబు ఉంది. పిల్లలు నేర్చుకోవడానికి వస్తారు, అందులో తప్పేమీ లేదు. మన ఇల్లు వాళ్ళకు బడి. బడి అన్నాక పంతులుకు ఇవ్వాల్సినది ఇవ్వాలి. చూసినది మనకు చెప్పి పోవాలి, చెప్పినదాని మీద మళ్ళీ వచ్చి చూడాలి, తాము వెళ్ళిపోతే తర్వాత వచ్చేవాళ్ళకు అప్పజెప్పాలి. మందులు ఉచితంగా పంచారా లేదా అనేది దీని తర్వాతే.

సముద్రం దాటి పోయే పిల్లలు

మన కుటుంబాల్లోంచి డాక్టరు చదువుకు పోయే పిల్లలూ ఉన్నారు. మా చిన్నాయన మనవరాలు అమెరికాలో పుట్టి పెరిగింది, అక్కడ వైద్యం చదవాలని ఉంది. ఎండాకాలం సెలవుల్లో ఏదైనా పేద దేశానికి పోయి నాలుగు వారాలు సేవ చేసి రావచ్చా అని మమ్మల్ని అడిగింది. ఆ దేశాల్లో చాలామంది పిల్లలు ఇట్లా పోతారు, దరఖాస్తులో రాసుకుంటారు.

ఈ ప్రయాణాల మీద వాదన పాతదే. 1968లో ఇవాన్ ఇలిచ్ అనే పాదిరి, సేవకని మెక్సికోకు పోయే అమెరికా విద్యార్థుల ఎదుటే నిలబడి, చూడటానికి రండి, నేర్చుకోవడానికి రండి, ఉద్ధరించడానికి మాత్రం రావద్దు అనే అర్థం వచ్చేలా మాట్లాడాడు. వాళ్ళ మంచి మనసును అతను శంకించలేదు. భాష రాని, ఊరు తెలియని మనిషి మంచి మనసు ఆ ఊరికి బరువవుతుందన్నదే అతని బాధ. 2010లో వైద్య విద్యావేత్తల బృందం ఒకటి ఇట్లాంటి శిక్షణకు నీతి నియమాలు రాసింది. పంపే సంస్థకూ, రప్పించుకునే ఊరికీ ఇద్దరికీ మేలు ఉండాలి, సంబంధం దీర్ఘకాలం ఉండాలి, పోయేవాళ్ళు భాషా సంస్కృతీ ముందే తెలుసుకోవాలి, తమకు రాని వైద్యం చేయకూడదు అన్నది దాని సారాంశం.

మేము ఆ పాపకు ఇవన్నీ చెప్పలేదు. మా ఊరికి వచ్చి అవ్వ దగ్గర నెల దినాలు ఉండమన్నాం. వైద్యం ఏమీ చేయవద్దు, ఆశా కార్యకర్త వెంట ఇల్లిల్లూ తిరిగి, పుస్తకంలో మాటలు రాయమన్నాం. ఆ పాపకు ఇంటి తెలుగు వచ్చు, అక్షరాలు రావు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. దాంతో మా పుస్తకంలో తెలుగు ఇప్పుడు మూడు లిపుల్లో ఉంది.

మీ ఇళ్ళకు ఒక మనవి

మన కథ చింతామణితో ఆగదు. బళ్ళారిలో 1961 నుంచి మెడికల్ కాలేజీ ఉంది, దాని వార్డుల్లో తెలుగు వినపడని దినం ఉండదు. ఒడిశాలో బరంపురం కాలేజీ 1962 నాటిది, ఆ ఊళ్ళో మనవాళ్ళు చాలామంది ఉన్నారు. తెలంగాణ నుంచి మగ్గాలతో పోయి స్థిరపడ్డ పద్మశాలీల షోలాపూర్‌లోనూ ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ఈ ఊళ్ళన్నిటి చుట్టూ పల్లెలకు తెల్లకోట్ల పిల్లలు వస్తారు. వాళ్ళ చేతిలో కన్నడమో, ఒడియానో, మరాఠీనో ఉంటుంది. మంచం మీద కూర్చున్న మన పెద్దవాళ్ళ నోట్లో తెలుగు ఉంటుంది.

కాబట్టి మీ ఇంట్లో కూడా ఒక పుస్తకం పెట్టండి. మొదటి పేజీకి మా మాటలు కొన్ని ఇస్తున్నాం, పక్కన మా వైపు కన్నడం.

ఆయాసం: ఊపిరి అందకపోవడం. కన్నడంలో ఏదుసిరు. కన్నడం 'ఆయాస' కాదు.

నీరసం: ఒంట్లో సత్తువ లేకపోవడం. కన్నడంలో సుస్తు. కన్నడం 'నీరస' అంటే రుచీపచీ లేనిది, విసుగు పుట్టించేది.

కళ్ళు తిరగడం: కన్నడంలో తలె సుత్తు. కళ్ళకు ఏ జబ్బూ లేదు.

తిమ్మిరి: కన్నడంలో జోము. షుగర్ ఉన్నవాళ్ళు ఈ మాట అంటే తప్పక రాసుకోవాలి.

దడ: గుండె గబగబా కొట్టుకోవడం. భయం వల్లనా, ఊరికేనా అని అడగాలి.

నరాలు లాగడం: మన పెద్దవాళ్ళకు నరం అంటే రక్తనాళమూ కావచ్చు, కండరమూ కావచ్చు. ఎక్కడో వేలితో చూపించమనాలి.

మీ వైపు మాటలు, వాటికి మీ ఊరి భాషలో అర్థం కలపండి. ఏ లిపి వస్తే ఆ లిపిలో రాయండి, అక్షరం చక్కగా లేదని ఆగవద్దు. రాసినాక ఆ పుస్తకాన్ని దేవుడి గూట్లో దాచవద్దు, మాత్రల డబ్బా పక్కన పెట్టండి. ఇంటికి వచ్చిన డాక్టరు పిల్లలకు మజ్జిగ ఇచ్చేటప్పుడు అది కూడా చేతికివ్వండి.